స్టేడియంలోకి ముందొచ్చినవాడు మూడోవాడెలా అయ్యాడు?

1948 ఆగస్టు 7, శనివారం సాయంత్రం, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. ఒలింపిక్ మారథాన్ మొదలై రెండున్నర గంటలు దాటింది. బయట రోడ్ల మీద ఎవరు ముందున్నారో లోపల కూర్చున్నవాళ్లకు కనపడదు. పెద్ద తెరలు లేని కాలం. జనం కళ్లన్నీ ట్రాక్‌లోకి తెరుచుకునే ద్వారం మీదే ఉన్నాయి.

అందులోంచి ముందుగా బయటపడ్డవాడు ఎతియెన్ గాయీ. పాతికేళ్ల బెల్జియం సైనికుడు, విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకే పారాట్రూపర్. అతని జీవితంలో అదే మొదటి మారథాన్. ఇంకొక్క చుట్టు తిరిగితే బంగారం చేతికొచ్చినట్టే.

ఆ చుట్టు ఫిల్ము మీద మిగిలే ఉంది, ఇప్పటికీ చూడొచ్చు. గాయీ చేస్తున్నది నడకా కాదు, పరుగూ కాదు. మోకాళ్లు లేవడం లేదు. అడుగు ఒకచోట వేద్దామనుకుంటే ఇంకోచోట పడుతోంది. ఇంతలో అర్జెంటీనావాడు డెల్ఫో కాబ్రేరా లోపలికొచ్చి పక్కనుంచి దాటేశాడు. తర్వాత బ్రిటన్ తరఫున పరిగెత్తిన వేల్స్ మనిషి టామ్ రిచర్డ్స్ కూడా దాటేశాడు. గాయీ ఎలాగోలా గీత దాటి కూలిపోతే మోసుకెళ్లారు.

కాబ్రేరా 2 గంటల 34 నిమిషాల 51.6 సెకన్లు. రిచర్డ్స్ 2:35:07.6. గాయీ 2:35:33.6. గాయీ పేరు గుర్తున్నవాళ్లకు గుర్తుండేది ఈ ఆఖరి చుట్టే. 'అయ్యో పాపం, చేతికొచ్చిన బంగారం జారిపోయింది' అని కథ ముగించేస్తారు. నాకు మాత్రం ఆ ముగింపు మీద ఎప్పటినుంచో అనుమానం. అతను ఎక్కడ ఓడాడు, అసలు ఓడాడా, ఆ తర్వాత ఎందుకు కనపడకుండా పోయాడు అన్న మూడు వేరువేరు ప్రశ్నల్ని మనం ఒకే చుట్టులో కలిపి చుట్టేశాం.

ముందు లెక్క చూద్దాం. కాబ్రేరా సగటు కిలోమీటరుకు 3 నిమిషాల 40 సెకన్లు. గాయీ సగటు 3 నిమిషాల 41. గెలిచినవాడికీ మూడోవాడికీ తేడా 42 సెకన్లు, దూరం 42 కిలోమీటర్ల చిల్లర. అంటే కిలోమీటరుకు ఒక్క సెకను! దారంతా పంచిపెడితే ఎవరికీ కనపడని అప్పు అది. గాయీ దాన్ని దారిలో కట్టలేదు, స్టేడియం నిండా జనం చూస్తుండగా ఒక్క చుట్టులో కట్టాల్సొచ్చింది. కాబ్రేరా వేగంలో నాలుగొందల మీటర్ల చుట్టుకు 88 సెకన్లు చాలు. లోపలికొచ్చేటప్పుడు గాయీ కొన్ని పదుల మీటర్లు ముందున్నాడు, చివరికి 42 సెకన్లు వెనకపడ్డాడు. రెండూ కలిపితే ఆ కాస్త దూరంలోనే యాభై సెకన్లకు అటూ ఇటూ పోయాయి.

ఇంకో అంకె కూడా ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. నాలుగోవాడుగా వచ్చిన దక్షిణాఫ్రికా రన్నర్ యోహానెస్ కోల్మన్ గాయీకి 32 సెకన్లే వెనక. గాయీ ఆ ట్రాక్ మీద అరనిమిషానికి పైగా కూర్చుండిపోయి ఉంటే కంచు కూడా దక్కేది కాదు. ఆ తూలుడు నడకను ఓటమిగా చూడొచ్చు, పతకం కాపాడుకోవడంగానూ చూడొచ్చు. నేను రెండోదానివైపే.

ఇంతకీ ఈ గాయీ ఎవరు? బెల్జియంలో లింబర్గ్ ప్రాంతంలోని బెరింగెన్ అనే బొగ్గుగనుల ఊళ్లో 1922 నవంబరు 26న పుట్టాడు. 1940 మే నెలలో జర్మన్ సైన్యం బెల్జియాన్ని ఆక్రమించింది. మామూలుగా రన్నర్‌కి గట్టిపడాల్సిన వయసు, పదిహేడు నుంచి ఇరవై రెండేళ్లదాకా, ఇతనికి యుద్ధంలోనే గడిచిపోయింది. దేశం విడిచి ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ చేరాడు. అక్కడ పట్టుకుని కొన్ని నెలలు జైల్లో పెట్టారు. బయటపడి చివరికి ఇంగ్లండ్ చేరుకుని, అక్కడ తయారవుతున్న బెల్జియం పారాట్రూపర్ల దళంలో చేరాడు.

పరుగు అతనికి అక్కడే ఒక దారిన పడింది. లండన్‌లో బెల్‌గ్రేవ్ హారియర్స్ అని 1887లో పెట్టిన పాత రన్నింగ్ క్లబ్బు ఉంది. రోడ్డు పరుగులు, బురద పొలాల్లో క్రాస్ కంట్రీ పరుగులు వాళ్లకు అలవాటు. గాయీ అందులో సభ్యుడయ్యాడు. అందుకని 1948లో వెంబ్లీకి వచ్చినవాడు లండన్‌కు పూర్తిగా పరాయివాడేం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చిన ఊరికే పతకం కోసం మళ్లీ వచ్చాడు.

ఆ ఏడాది బెల్జియం మంచి ఊపు మీదుంది. మారథాన్‌కు ఐదు రోజుల ముందు అదే ట్రాక్ మీద 5,000 మీటర్లలో గాస్తోన్ రైఫ్ సాక్షాత్తూ చెకోస్లొవేకియా దిగ్గజ రన్నర్ ఎమిల్ జాటోపెక్‌ను ఓడించి బంగారం గెలిచాడు. మనకు 1948 వెంబ్లీ అంటే హాకీ. మారథాన్ జరిగిన ఐదు రోజులకు, ఆగస్టు 12న, అదే స్టేడియంలో మనవాళ్లు బ్రిటన్‌ను 4-0తో ఓడించారు. బెల్జియం వాళ్లకు అదే వెంబ్లీ అంటే రైఫ్, గాయీ. ఒకరు నవ్వుతూ, ఒకరు తూలుతూ.

ఇక పరుగు సంగతి. 21 దేశాల నుంచి 41 మంది బయల్దేరారు, 30 మందే తిరిగొచ్చారు. వెంబ్లీ నుంచి ఉత్తరంగా హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని రాడ్లెట్ దాకా వెళ్లి మళ్లీ వెంబ్లీకి రావాలి. దారి చదునుగా ఉండదు. స్టాన్‌మోర్, ఎల్‌స్ట్రీ వైపు ఎక్కుళ్లూ దిగుళ్లూ. పైగా ఆ రోజు లండన్‌కు ఎక్కువే అనిపించే ఉక్క.

పేరున్నవాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. బ్రిటన్ ఆశలన్నీ జాక్ హోల్డెన్ మీద. అరికాళ్లు గట్టిపడాలని ఆయన పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంలో పాదాలు నానబెట్టాడు. అదే కొంప ముంచింది. చర్మం మరీ బిరుసెక్కి, దాని కింద బొబ్బలు లేచి, సగంలోనే ఆగిపోయాడు. కొరియా నుంచి వచ్చిన సూ యున్‌బోక్ అంతకుముందు ఏడాదే బోస్టన్ మారథాన్‌లో 2:25:39తో ప్రపంచంలోనే మంచి టైం పెట్టినవాడు. ఇక్కడ ఎక్కడో వెనకబడిపోయాడు.

గాయీ మాత్రం మొదట్లోనే ముందుకొచ్చేశాడు. పరుగు సగం దాటేదాకా అతనే ముందు. మారథాన్ పరిగెత్తిన ఎవరినడిగినా ఇక్కడే తల అడ్డంగా ఊపుతారు. మొదటిసారి పరిగెత్తేవాడు, దూరం ఒంటికి తెలియనివాడు, అందరికంటే ముందు ఒంటరిగా పోవడమంటే పండక్కి వచ్చిన డబ్బంతా పొద్దున్నే ఖర్చు పెట్టేసినట్టే. ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో ఇంకో కొరియన్, చోయ్ యున్‌చిల్, అతన్ని దాటాడు. తర్వాత కాబ్రేరా కూడా దాటాడు. గాయీ మూడోస్థానానికి జారాడు.

అసలు విచిత్రం ఆ తర్వాతే ఉంది. అలా జారినవాళ్లు సాధారణంగా ఇంకా జారుతూనే పోతారు. గాయీ తేరుకున్నాడు. చోయ్ కాలి నొప్పితో పరుగు మానేశాడు. స్టేడియం దగ్గరపడుతుండగా గాయీ కాబ్రేరాను మళ్లీ పట్టుకుని దాటేశాడు కూడా. వెంబ్లీలో జనం చూసింది మొదట్నుంచీ ముందుండి చివర్లో కూలిన మనిషిని కాదు. వెనకపడి, ఉన్నదంతా ఊడ్చి మళ్లీ ముందుకొచ్చిన మనిషిని. ఈ చిన్న తేడా ఆ ఫిల్ములో కనపడదు, ఎందుకంటే అది రోడ్ల మీద జరిగింది.

ఒళ్లు అలా ఎందుకు మొరాయిస్తుంది? మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి, కొంత భాగం గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. నిల్వ మొత్తం అరకిలోకు కాస్త తక్కువే. దాన్నుంచి రెండు వేల కేలరీల లోపు వస్తుంది. పరిగెత్తేవాడికి కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది. అరవై ఐదు కిలోల మనిషి మారథాన్ పూర్తి చేయాలంటే 2,700 కేలరీలు కావాలి. లోటు కొవ్వులోంచి పూడ్చుకోవాలి. కొవ్వు ఒంట్లో బోలెడుంటుంది కానీ దాన్ని మండించడానికి ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, మంట నెమ్మది. గ్యాస్ అయిపోయాక కట్టెల పొయ్యి మీద వంట చేసినట్టు. వంట అవుతుంది, హడావిడి మాత్రం కుదరదు.

వేగం పెంచిన కొద్దీ ఒళ్లు గ్లైకోజెన్‌నే ఎక్కువ వాడుకుంటుంది. మొదట్లో కిలోమీటరుకు నాలుగైదు సెకన్లు తొందరపడితే ఆ ధర అక్కడ తెలియదు, ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్ల దగ్గర తెలుస్తుంది. రన్నర్లు దాన్ని 'గోడ' అంటారు. హైదరాబాద్‌లో పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ మారథాన్ చేసేవాళ్లు కూడా ఆ మాటే వాడతారు. గోడ కాళ్లకే తగలదు. మెదడుకు కావాల్సిందీ గ్లూకోజే. రక్తంలో చక్కెర పడిపోతే తల తిరుగుతుంది, చూపు చెదురుతుంది, నిటారుగా వెళ్తున్నామో లేదో కూడా తెలియదు. దానికి ఒంట్లో నీరు తగ్గిపోవడం తోడైతే చెప్పక్కర్లేదు.

గాయీ రక్తాన్ని ఆ రోజు ఎవరూ పరీక్షించలేదు కాబట్టి అతనికి కచ్చితంగా ఇదే జరిగిందని ప్రమాణం చేయలేం. కానీ ఉక్కలో ముందుగా దూకుడు, ముప్పైలో వెనకపాటు, చివర్లో మళ్లీ ఒక తోపు, ఆపైన కాలూ తలా రెండూ వశం తప్పడం చూస్తే లక్షణాలన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి. నన్నడిగితే ఆ బంగారం ఆఖరి చుట్టులో పోలేదు, మొదటి గంటలోనే ఎక్కడో రోడ్డు మీద పడిపోయింది. అది పడిపోయిందని తెలిసింది మాత్రం వెంబ్లీలో.

ఇందులో నన్ను చికాకు పెట్టే సంగతొకటుంది. ఈ జబ్బుకు మందు అప్పటికే తెలుసు. 1924 బోస్టన్ మారథాన్‌లో డాక్టర్ శామ్యూల్ లెవీన్ బృందం రన్నర్ల రక్తం పరీక్షించింది. బాగా నీరసించి వచ్చినవాళ్లలో చక్కెర పడిపోయిందని తేల్చింది. మరుసటి ఏడాది కొందరికి దారిలో మిఠాయి బిళ్లలు తినిపిస్తే వాళ్లు తేటగా వచ్చారు. అంత సులువు! అయినా పాతికేళ్లపాటు ఆ ముక్క రన్నర్ల చెవికి సరిగ్గా చేరలేదు. పరుగులో తాగడం, తినడం చేతగానితనమని నమ్మే రోజులవి. కండరంలోంచి సూదితో చిన్న ముక్క తీసి గ్లైకోజెన్ ఎంతుందో కొలవడం, పరుగుకు ముందు అన్నం, బ్రెడ్డు లాంటివి దండిగా తిని నిల్వ పెంచుకోవచ్చని చూపడం 1960ల్లో స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ చేసిన పని. గాయీకి అది అందలేదు.

కాబ్రేరాకు మాత్రం అందిందా అంటే, లేదు. అతనూ అదే గాలి పీల్చాడు, అదే దారిలో పరిగెత్తాడు. బ్యూనస్ ఐరిస్‌లో అగ్నిమాపక ఉద్యోగి. తేడా ఓపికలో ఉంది. అందరూ ముందు పోతుంటే పోనిచ్చాడు, తన వేగం తను పట్టుకుని వచ్చాడు. సరిగ్గా పదహారేళ్ల కిందట, 1932 ఆగస్టు 7నే, అర్జెంటీనావాడే అయిన హువాన్ కార్లోస్ సబాలా లాస్ ఏంజెలెస్‌లో మారథాన్ గెలిచాడు. తేదీ కలిసిరావడం మీద నమ్మకమున్నవాళ్లకు ఇది బాగా నచ్చుతుంది.

లండన్‌లో గాయీని చూసిన పెద్దవాళ్లకు ఇంకొకరు గుర్తొచ్చి ఉంటారు. 1908లో ఇదే లండన్‌లో ఇటలీ రన్నర్ డొరాండో పియెత్రి ముందుగా స్టేడియంలోకి వచ్చి, దారి తప్పి, పడి లేచి, పడి లేచి, చివరికి అధికారులు చెయ్యి పట్టుకుంటే గీత దాటాడు. సాయం తీసుకున్నందుకు అనర్హుడయ్యాడు. బంగారం అమెరికా రన్నర్ జానీ హేస్‌కు వెళ్లింది. విడ్డూరమేంటంటే పియెత్రి ప్రపంచమంతా హీరో అయిపోయాడు, గెలిచిన హేస్ పేరు ఎవరికీ గుర్తులేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి రాయడం తేలికే, కానీ అక్కడో గీత గీయాలి. గాయీని ఎవరూ పట్టుకోలేదు. తన కాళ్ల మీదే వచ్చాడు, వచ్చిన పతకం అతనిదే. ఒలింపిక్ మారథాన్‌లో బెల్జియానికి అదే మొదటి పతకం.

అలాంటివాడు తర్వాత ఏమయ్యాడు? పాతికేళ్లకే, మొదటి ప్రయత్నంలోనే ఒలింపిక్ కంచు. మారథాన్‌లో ముప్పై ఏళ్లు దాటాకే చాలామంది గట్టిపడతారు. పైన చెప్పిన హోల్డెన్ 1950 ఆగస్టులో బ్రసెల్స్‌లో జరిగిన యూరోపియన్ మారథాన్‌ను 43 ఏళ్ల వయసులో గెలిచాడు. వెంబ్లీలో బొబ్బలతో ఆగిపోయినవాడే! సొంత దేశంలో జరిగిన ఆ పరుగులో గాయీ ఎనిమిదోవాడు. నిరాశే, కానీ అతనికి అప్పటికి ఇరవై ఏడేళ్లే. 1952 హెల్సింకీ ముందుంది.

ఈలోగా 1950 జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలైంది. ఐక్యరాజ్యసమితి తరఫున బెల్జియం ఒక స్వచ్ఛంద బెటాలియన్‌ను పంపింది. ఆ ఏడాది డిసెంబరులో 'కమీనా' అనే ఓడ యాంట్‌వెర్ప్ రేవు నుంచి బయల్దేరి, 1951 జనవరి ఆఖర్లో పుసాన్ చేరింది. ఈ యుద్ధంలో గాయీ కూడా పోరాడాడు. అక్కడ పాదానికి తీవ్రంగా గాయమైంది. పరుగు అంతటితో ముగిసింది.

వెంబ్లీలో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర గాయీని దాటినవాడు కొరియన్. ఆ లండన్ ఒలింపిక్స్ కొరియన్లకు మామూలువి కావు, వేసవి ఒలింపిక్స్‌కు మొదటిసారి తమ సొంత జెండా కింద వచ్చారు. 1936 బెర్లిన్ మారథాన్ గెలిచి కూడా జపాన్ జెండా కింద తలొంచుకుని నిలబడాల్సొచ్చిన సోన్ కీజంగ్ 1948లో ఆ కొత్త జెండా మోశాడు. 1950 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో మొదటి మూడు స్థానాలూ కొరియన్లవే, మూడోవాడు మన చోయ్ యున్‌చిల్. రెండు నెలలకు వాళ్ల దేశం యుద్ధంలో పడింది. ఆ యుద్ధభూమిలోనే గాయీ కాలు పోయినంత పనైంది. యుద్ధం నడుస్తుండగానే చోయ్ హెల్సింకీ వెళ్లి 2:26:36తో నాలుగోవాడుగా వచ్చాడు. కాబ్రేరా ఆరోవాడు, 2:26:42. వెంబ్లీలో గాయీతో దోబూచులాడిన ఇద్దరూ అక్కడ దాదాపు పక్కపక్కనే ఉన్నారు, నాలుగేళ్ల కిందటి కంటే ఎంతో మెరుగైన టైంతో. గాయీ ఆ వేగం అందుకోగలిగేవాడా అన్నది మనం ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, పాదం మాత్రం ఆ అవకాశం ఇవ్వలేదు.

అతని తర్వాత బెల్జియం మారథాన్ ఖాళీగా ఏం లేదు. ఓరెల్ వాన్‌డెన్‌డ్రీషే 1963, 1964లో వరసగా రెండేళ్లు బోస్టన్ గెలిచాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మాత్రం ఏడోవాడితో సరిపెట్టుకున్నాడు. వెంబ్లీ లాంటి దృశ్యం ఆ రోజు కూడా కనపడింది. జపాన్ రన్నర్ కోకిచి త్సుబురాయా రెండోవాడుగా స్టేడియంలోకి వచ్చి, సొంత జనం కళ్లముందు బ్రిటన్ రన్నర్ బేసిల్ హీట్లీ చేతిలో ఆ స్థానం పోగొట్టుకుని కంచుతో మిగిలాడు.

1971 ఆగస్టులో హెల్సింకీలో జరిగిన యూరోపియన్ మారథాన్‌ను కారెల్ లిస్మాంట్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు గెలిచాడు. గాయీ పుట్టిన లింబర్గ్ ప్రాంతంవాడే. అదే ఏడాది నవంబరు 3న గాయీ చనిపోయాడు, నలభై తొమ్మిది నిండడానికి మూడు వారాల ముందు. మరుసటి ఏడాది మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మారథాన్ ముగిసే వేళ స్టేడియంలోకి ముందుగా వచ్చినవాడు అసలు రన్నరే కాదు, ఆటపట్టించడానికి రన్నర్ వేషం వేసుకున్న ఒక విద్యార్థి. జనం అతనికే చప్పట్లు కొట్టారు. వెనకాలే వచ్చిన అమెరికా రన్నర్ ఫ్రాంక్ షార్టర్‌కు బంగారం. ఆ వెనక 2:14:31.8తో లిస్మాంట్, బెల్జియానికి ఇరవై నాలుగేళ్ల తర్వాత వచ్చిన రెండో పతకం.